ఊ కొట్టడం కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో ఏ మెట్ల దగ్గర చూసినా మాట్లాడటం నేర్పుతామనే బోర్డులే. స్పోకెన్ ఇంగ్లిష్, ఇంటర్వ్యూ స్కిల్స్, స్టేజ్ ఫియర్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్. పత్రికల యువత పేజీలదీ అదే దారి: నలుగురిలో ఎలా మాట్లాడాలి, ఎలా ఆకట్టుకోవాలి, మొదటి నిమిషంలో ఏం చెప్పాలి. మేము ఈ నగరంలో మనస్తత్వశాస్త్రం బోధించేవాళ్లం, కౌన్సెలింగ్ చేసేవాళ్లం. "నలుగురిలో మాట్లాడటం రాదు" అని బాధపడేవాళ్లలో ఎక్కువమందికి మాట బాగానే వచ్చునని మా అభిప్రాయం. వాళ్లకు రానిది ఊ కొట్టడం. దాన్ని నేర్పేవాళ్లు లేరు, అది నేర్చుకోవాల్సిన విద్య అని అనుకునేవాళ్లూ తక్కువే. ఆ లోటు మీ పాఠకుల ముందు పెట్టాలనే ఈ ఉత్తరం.

"ఏదో ఊ కొట్టాను" అని మనం తేలిగ్గా అనేస్తాం. మన దగ్గర కథలు చెప్పినవాళ్లు మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. నాయనమ్మ కథ ఎత్తుకునే ముందే "ఊ కొడితేనే చెప్తా" అని షరతు పెడుతుంది. ఊ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయినట్టు, కథ ఆగిపోయినట్టు. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. డక్కీ వాయించి తందానా అనడంతోనే వాళ్ల పని అయిపోదు. జనం అడగాలనుకునే ప్రశ్నను వాళ్ల తరఫున అడుగుతారు, ఉలిక్కిపడాల్సిన చోట ఉలిక్కిపడతారు. ఆ ఇద్దర్నీ దించేసి కథకుణ్ణి ఒంటరిగా నిలబెడితే కథ నీరుగారిపోతుంది.

పరిశోధనలో తేలిందీ అదే. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బవెలాస్ మరో ఇద్దరితో కలిసి చేసిన పని 2000లో అచ్చయింది. కొద్దిలో తప్పిన ప్రమాదం ఒకటి చెప్పమని కొందరిని అడిగారు. వినేవాళ్లలో కొందరికి మాత్రం ఇంకో పని అప్పగించారు: చెప్పేవాళ్ల నోట 'టి' అనే ఇంగ్లిష్ అక్షరంతో మొదలయ్యే మాట వచ్చినప్పుడల్లా గుర్తుపెట్టాలి. అంటే చెవులు పనిచేస్తూనే ఉంటాయి, మనసు మాత్రం కథ మీద ఉండదు. అలాంటి శ్రోత దొరికినవాళ్లు తమకే జరిగిన సంగతిని కూడా సరిగా చెప్పలేకపోయారు. ముఖ్యంగా ముగింపు దగ్గర తడబడ్డారు. కొందరు అర్ధాంతరంగా ఆపేశారు, కొందరు చెప్పిందే మళ్లీ చెప్పారు, కొందరు అది ఎందుకంత ప్రమాదకరమో వివరించుకోవాల్సి వచ్చింది. చెప్పేవారి నేర్పులో సగం వినేవారి చేతిలో ఉందన్నమాట. "వాడికి మాట్లాడటం రాదు" అని పిల్లవాడి మీద ముద్ర వేసే ముందు, వాడు మాట్లాడుతున్నప్పుడు ఇంట్లో ఎవరు ఎలా వింటున్నారో ఒకసారి చూడాలి.

ఆ పరిశోధన శ్రోత స్పందనను రెండు రకాలుగా విడదీసింది. మొదటిది ఏ మాటకైనా సరిపోయేది: ఊఁ, ఆఁ, అలాగా, తల ఊపడం. రెండోది ఆ మాటకే, ఆ క్షణానికే చెందేది: అయ్యో, అమ్మో, "ఎంత పని జరిగింది!", కళ్లు పెద్దవి కావడం, చెయ్యి నోటికి పోవడం. కథ మొదట్లో, ఎవరు ఎక్కడ ఎప్పుడు అని చెప్తున్నంతసేపూ మొదటి రకం చాలు. అప్పుడే "అమ్మో" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. కథ చిక్కబడ్డాక మాత్రం రెండో రకమే కావాలి. "సిగ్నల్ దగ్గర వెనక నుంచి లారీ తగిలింది, పాప ఎగిరి డివైడర్ పక్కన పడింది" అన్న మాటకు "ఊఁ" అని జవాబొస్తే చెప్పేవాళ్లు అక్కడే ఆగిపోతారు. లేదంటే "అంటే, నిజంగా పెద్ద లారీ అండీ" అని సాక్ష్యం చెప్పుకున్నట్టు మొదలుపెడతారు. మీతో మాట్లాడేవాళ్లు అస్తమానం వివరణలు ఇచ్చుకుంటున్నారంటే లోపం మీ ఊఁలో ఉందేమో చూసుకోవచ్చు. వేగంలో కూడా అర్థం ఉంది. వాక్యానికి ఒక ఊఁ అంటే వింటున్నాను అని. వరసగా మూడు గబగబా అంటే "తెలుసు, త్వరగా కానివ్వు" అని.

ఇంత తేలికైన పని ఎందుకు తప్పిపోతుంది? బుద్ధి చెడ్డదై కాదు. మాట అందుకునే వేగం దీనికి కారణం. తాన్యా స్టివర్స్ బృందం 2009లో పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీని కొలిచింది. తెలుగు వాటిలో లేదు. భాషను బట్టి కొంత తేడా ఉన్నా ఆ ఖాళీ సగటున 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లోనే ఉంది, అంటే సెకనులో ఐదో వంతు. ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనిషికి 600 మిల్లీసెకన్లు పడుతుంది. లెక్క చూస్తే తెలుస్తుంది, ఎదుటివారు ఇంకా మాట్లాడుతుండగానే మన మెదడు జవాబు కడుతోంది. ఇది అందరికీ సహజం. బెరుకున్నవాళ్లు మాత్రం వాక్యం మొదలవుతూనే కట్టడం మొదలుపెడతారు. "నేనేమనాలి, తప్పుగా అంటానేమో" అనే గొడవలో రెండో సగం వినపడదు. తెలుగులో ఆ నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. "మా అబ్బాయి ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేద్దామని" వరకూ విని నోరు తెరిస్తే, తర్వాత వచ్చేది "అనుకున్నాడు" అనా, "అనుకోలేదు" అనా? అవునో కాదో తేలే ముక్క ఆఖర్న ఉన్న భాషలో మధ్యలో అందుకోవడం అపార్థానికి తలుపు తీసినట్టే.

దీనికి మందు మన వ్యాకరణంలోనే ఉంది. ఎదుటివారు చెప్పిన చివరి ముఖ్యమైన మాట తీసుకుని దానికి 'ఆ' చేర్చి తిరిగి అనండి. "నిన్న సాయంత్రం అమ్మను ఆస్పత్రిలో చేర్చాం." "ఆస్పత్రిలోనా?" "ఒక్కణ్ణే తీసుకెళ్లాను." "ఒక్కరేనా?" ఏ మాటకైనా ఇలా ఒక్క అచ్చు తగిలించి ప్రశ్న చేసుకునే సౌలభ్యం అన్ని భాషలకూ లేదు. ఇందులో మూడు పనులు జరుగుతాయి. మాట పట్టుకోవాలంటే చివరిదాకా వినక తప్పదు. కొత్తగా ఏం చెప్పాలా అనే ఆందోళన అక్కర్లేదు. చెప్పేవారికి ఎటు సాగాలో దారి దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: ఏ మాట ఎంచుకుంటే కథ అటే తిరుగుతుంది. "నిన్న సాయంత్రం ఆరుకి, మలక్‌పేటలో, ఒక్కణ్ణే" అన్నప్పుడు "మలక్‌పేటలోనా?" అంటే చిరునామా చర్చ వస్తుంది, "ఒక్కరేనా?" అంటే మనసులో మాట వస్తుంది. అయిదు నిమిషాల్లో రెండు మూడుసార్లకు మించితే మాత్రం చిలకపలుకులా వినిపిస్తుంది. మిగతా చోట్ల ఊఁ చాలు.

మా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది మాటను లాక్కోవడం. "మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అండీ" అంటే "మా అత్తగారికీ అయింది, రెండు కాళ్లకూ" అని మొదలవుతుంది. పది నిమిషాల తర్వాత అత్తగారి సంగతి అంతా తెలుస్తుంది, అమ్మ సంగతి ఎవరికీ గుర్తుండదు. అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు చార్ల్స్ డెర్బర్ 1979లో ఇలాంటి జవాబులను రెండుగా విడదీశాడు, మాటను చెప్పేవారి దగ్గరే ఉంచేవీ, తన వైపు తిప్పుకునేవీ అని. మన దగ్గర లాక్కునేవాళ్లు చాలాసార్లు ప్రేమతోనే లాక్కుంటారు. "మాకూ అంతే" అనడం మనకు ఆత్మీయత. కాబట్టి మానేయమని చెప్పం. ఆ ఒక్క వాక్యం అని, వెంటనే తిరిగి ఇచ్చేయమంటాం: "మా అత్తగారికీ అయింది. మరి మీ అమ్మగారు ఇప్పుడు నడుస్తున్నారా?" ఆ రెండో వాక్యం ఉంటే మొదటిది తోడు. లేకపోతే దోపిడీ.

సలహా కూడా ఇలాంటిదే. కథ పూర్తికాకముందే ఫలానా డాక్టరు, ఫలానా కషాయం అని అందించడం మన ఇళ్లలో మామూలు. సలహా ఇవ్వాలనిపించినప్పుడు "చెప్పనా, వినమంటారా?" అని అడిగితే సరిపోతుంది. "ఎందుకు" అనే మాటతో జాగ్రత్త. "ఎందుకు ఆలస్యమైంది" అంటే సంజాయిషీ అడిగినట్టు, "ఏమైంది, ఆలస్యమైంది" అంటే పలకరించినట్టు. పిల్లలతో ఈ తేడా మరీ పెద్దది.

హైదరాబాద్‌కే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇక్కడ రెండు తెలుగులు ఒకే లిఫ్టులో ఎక్కుతాయి. "అన్నా, నువ్వు తిన్నవా?" అన్న తెలంగాణ పలకరింపులో గౌరవమంతా 'అన్నా'లో ఉంటుంది. 'నువ్వు' అక్కడ దగ్గరితనం. కోస్తా నుంచి వచ్చినవారి చెవికి గౌరవం క్రియలో, 'మీరు'లో ఉండాలి, అది లేకపోతే 'అన్నా' అని పిలిచినా తక్కువ చేసినట్టే తోస్తుంది. అటువైపు నుంచి చూస్తే ప్రతి మాటకూ 'అండీ' అనేవాళ్లు దూరం పెడుతున్నట్టు, బిగుసుకుపోయినట్టు కనిపిస్తారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, ఇద్దరూ నొచ్చుకున్నారు. అపార్ట్‌మెంట్ సంఘాల్లో పార్కింగు గురించి అని మనం అనుకునే కొన్ని తగాదాల అడుగున ఈ సర్వనామం ఉంటుందని మా నమ్మకం. ఎదుటివారు ఏ పలుకుబడిలో మొదలుపెట్టారో దాని ప్రకారమే వారి మాటకు విలువ కట్టాలి, మన ఇంటి తూకంతో కాదు. ఇది ఒకచోట మాత్రం చెల్లదు. వాచ్‌మన్‌నూ పనిచేసే అమ్మనూ పదేళ్ల పిల్లలు పేరుపెట్టి "నువ్వు" అంటుంటే, ఆ పిల్లలే పక్క ఫ్లాట్ ఆయన్ని "అంకుల్, మీరు" అంటుంటే, అది యాస తేడా కాదు. దాన్ని పెద్దవాళ్లే సరిదిద్దాలి.

కొత్తవాళ్లను పలకరించే సంగతి కొంచెం. మన పెద్దలు బయల్దేరే మనిషిని "ఎక్కడికి" అని అడగరు, "దూరమా?" అంటారు. అపశకునమనే నమ్మకం ఒకటి ఉన్నా, అందులో సొగసైన మర్యాద ఉంది. చెప్పాలనుకుంటే ఊరి పేరు చెప్తారు, లేదంటే "ఇక్కడికే" అని తప్పుకుంటారు. "తిన్నారా?" కూడా అంతే. దానికి వంటకాల జాబితా అక్కర్లేదు. సమాచారం కోసం కాక సంబంధం కోసం ఆడే ఇలాంటి మాటలకు మానవశాస్త్రజ్ఞుడు మలినోవ్‌స్కీ 1923లోనే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగోలో రైలు ప్రయాణికులతో చేసిన పరిశోధన 2014లో వచ్చింది. పక్కవారితో మాట్లాడమని చెప్పిన గుంపుకు ప్రయాణం ఒంటరిగా కూర్చున్న గుంపుకన్నా హాయిగా గడిచింది. ముందే ఊహించమంటే మాత్రం జనం దానికి తలకిందులుగా చెప్పారు. అయితే అది షికాగో. దాన్ని తెచ్చి సాయంత్రం ఆరు గంటల అమీర్‌పేట మెట్రోకు అతికించకూడదు. మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ అమెరికా మధ్యతరగతివారిని గమనించి, 45 సెంటీమీటర్ల లోపు చోటు అయినవారికే అన్నాడు. కొలత ఊరిని బట్టి మారొచ్చు గానీ గీత అంటూ ప్రతిచోటా ఉంది. కిక్కిరిసిన పెట్టెలో ఆ గీత చెరిగిపోతుంది కాబట్టి జనం చూపు తిప్పేసుకుని, ఫోన్లో తల దూర్చి ఆ చోటును మళ్లీ సంపాదించుకుంటారు. అది పొగరు కాదు. ఒకసారి చూసి చూపు తప్పించడం ఎదుటివారికిచ్చే గౌరవమేనని సమాజశాస్త్రజ్ఞుడు అర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వివరించాడు. పలకరింపు ప్లాట్‌ఫారం మీద బాగుంటుంది, ఇరుకులో వద్దు. చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటే వద్దు. రెండుసార్లు ముక్తసరి జవాబు వచ్చి, తిరుగు ప్రశ్న రాకపోతే అక్కడితో ఆపాలి. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ల విషయంలో ఈ నియమానికి మినహాయింపు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఉచిత ప్రయాణం వచ్చాక సిటీ బస్సుల్లో ఆడవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. వాళ్ల మౌనాన్ని కూడా మాటగానే వినాలి.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో వీడియో కాల్ గురించి చెప్పకుండా ఉండలేం. ఫోన్ మాటకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికం సంఘం సిఫారసు. ఆ 150 ఉన్నా, మాట వెళ్లి జవాబు వచ్చేసరికి 300 కలుస్తుంది. ఎదురుగా ఉంటే ఐదో వంతు సెకనుకు వచ్చే జవాబు అర సెకనుకు వస్తుంది. సిగ్నల్ బాగోక ఆలస్యం 400 అయితే ఒక సెకను. ఆ సెకను మౌనం అమ్మకు "వాడికి మాట్లాడే మనసు లేదు" అన్నట్టు వినిపిస్తుంది. ఏమీ తోచక ఆమె ఇంకో మాట అంటుంది, సరిగ్గా అప్పుడే వాడి జవాబు వచ్చి రెండూ గుద్దుకుంటాయి. దానికితోడు గొంతుతో కొట్టే ఊఁ చాలాసార్లు అవతలి మాటను మింగేస్తుంది. అందుకే వీడియోలో ఊఁ తలతో కొట్టాలి. ఫోన్ను ముఖం ఎత్తులో దేనికైనా ఆనించి, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుంటేనే అది కనబడుతుంది. ప్రశ్న అడిగాక మనసులో ఒకటి, రెండు అనుకుని ఆగాలి. నలుగురున్న కాల్‌లో ముందు పేరు పిలిచి తర్వాత ప్రశ్న అడగాలి.

మాట ముగించడంలో మనవాళ్ల పద్ధతి గొప్పది. "వెళ్తాను" అనం, "వెళ్లొస్తా" అంటాం, "పోయొస్తా" అంటాం. దానికి ముందు "సరే మరి" ఉంటుంది. ఆ "సరే" ముగింపు కాదు, ముగిద్దామా అన్న అడుగు. సంభాషణలను పరిశీలించిన సమాజశాస్త్రజ్ఞులు షెగ్లాఫ్, సాక్స్ 1973లోనే చూపించారు, ముగింపుకు ఇద్దరూ ఒప్పుకోవాలి, ఇంకా చెప్పనిది ఏమైనా ఉంటే బయటపడటానికి అక్కడ చోటు మిగులుతుంది. గంటసేపు సోఫాలో కూర్చుని మాట్లాడని అసలు విషయం గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతూ బయటికి రావడం అందుకే. కాబట్టి "సరే" అన్నాక రెండు మూడు సెకన్లు ఆగండి. తలుపు మీద చెయ్యి వేయకండి. ఇంతా చేసి ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసిన సంభాషణలు దాదాపు 2 శాతమేనని 2021లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది, ఎందుకంటే ఎవరి మనసులో మాట వారు దాచుకుంటారు. విడిపోయాక "నేను వారికి నచ్చలేదేమో" అనుకోవడం కూడా చాలావరకు పొరపాటే. కొత్తవాళ్లు మనను మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఇష్టపడతారని 2018లో వచ్చిన పరిశోధన ఫలితం. బెరుకున్న పిల్లలకు ఈ ఒక్కటి చెప్పినా ఎంతో ధైర్యం.

బడిలో దీన్ని ఒక్క పీరియడ్‌లో నేర్పొచ్చు. పిల్లలను ముగ్గురేసి గుంపులు చేయాలి: ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి, ఒకరు చూసి రాసుకోవాలి. చెప్పాల్సింది కొద్దిలో తప్పిన ఆపద, 3 నిమిషాలు. వినేవాళ్లకు మడిచిన చీటీ ఇవ్వాలి. కొన్నిట్లో "కథ విను" అని, కొన్నిట్లో "విను, క అక్షరంతో మొదలయ్యే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టు" అని రాసి ఉండాలి. చీటీలో ఏముందో మిగతా ఇద్దరికీ తెలియకూడదు. చూసే పిల్ల మూడే రాయాలి: ఊఁలు ఎన్ని, అయ్యో అమ్మో లాంటివి ఎన్ని, కథ ఎలా ముగిసింది. తర్వాత చీటీలు విప్పి 5 నిమిషాలు మాట్లాడుకోవాలి. రెండో విడతలో అందరి చీటీల్లోనూ "కథ విను" అనే ఉండాలి. ఇది చెడేది మూడు చోట్ల. పిల్లలు సినిమా కథ ఎత్తుకుంటే ఫలితం రాదు, సొంత సంగతే చెప్పాలి. ఇంట్లో ఈమధ్య చావు చూసిన పిల్లలను చెప్పేవారిగా పెట్టకూడదు. లెక్కపెట్టిన పిల్లవాడిని తర్వాత ఎవరూ నిందించకుండా, అది చీటీ పని అని టీచరే ముందు చెప్పాలి.

చూపు కలపకపోవడం, ఊఁ అనకపోవడం ప్రతిసారీ నిర్లక్ష్యం కాదు. వినికిడి తగ్గిన పెద్దవారికి పక్క నుంచి చెప్పిన మాట అందదు, ఎదురుగా కూర్చుని ముఖం మీద వెలుతురు పడేలా చూసుకోవాలి. ఆటిజం ఉన్నవారు చూపు పక్కకు తిప్పినప్పుడే బాగా వినగలగవచ్చు. నలుగురి మధ్యకు వెళ్లాలంటేనే వణుకు వచ్చి, దానివల్ల కాలేజీ, ఉద్యోగం మానేసే పరిస్థితి ఉంటే అది ఈ ఉత్తరంలోని చిట్కాలతో తీరేది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.

మీ ఆదివారం పిల్లల పేజీలో పై చీటీల ఆటకు ఒక మూల చోటివ్వమని, యువత పేజీలో మాట్లాడే మెళకువలు వేసినప్పుడల్లా పక్కనే వినే మెళకువ ఒకటి వేయమని కోరుతున్నాం. రాసిపెట్టమంటే వారం వారం రాసి పంపడానికి మేము సిద్ధం.

ఇట్లు,
మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు, కౌన్సెలర్లు కొందరు,
హైదరాబాద్